అమ్మ కోసం చేసిన తవుడు ఉండలు

పొయ్యిలోంచి నిప్పుకణిక జారి అమ్మ పాదం మీద పడింది. అమ్మ పులుసులో గరిటె తిప్పుతూనే ఉంది. గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న నేను, "అమ్మా, కాలు! నీ కాలు!" అని అరుస్తూ పరుగెత్తి ఆ కణికను చేత్తోనే అవతలికి తోశాను. నా వేళ్ళు చుర్రుమన్నాయి. అమ్మ తీరిగ్గా వంగి తన పాదం చూసుకుంది.

"అయ్యో, కాలిందా? తెలీనే లేదే," అంది.

అప్పట్లో నేను ఏలూరులో ఒక మిషను ఆసుపత్రిలో నర్సు ట్రైనింగులో ఉండేదాన్ని. మా ఇల్లు తాడేపల్లిగూడెంలో, రైసు మిల్లు వెనకాల పేటలో. నెలకొక ఆదివారం సెలవిచ్చేవారు. శనివారం సాయంత్రం బండెక్కి వచ్చి, మర్నాడు చర్చికి వెళ్ళి, అమ్మ చేతి కూడు తిని, సాయంత్రం బండికి తిరిగి వెళ్ళిపోయేదాన్ని. ట్రైనింగులో చేరి ఏడాదైనా తిరగలేదు గానీ లోకంలోని రోగాలన్నీ నాకే తెలిసినంత పొగరు. కాలిన చోట ఆముదం రాస్తూ, "ఎన్నాళ్ళ నుంచీ ఇలా ఉంది?" అని నిలదీశాను.

"ఏముందే, కాస్త తిమ్మిరి. నేల మీద నడుస్తుంటే దూది మీద నడిచినట్టుంటుంది. వాతం అయ్యుంటుందిలే. మీ నాన్నతో అనకు, కంగారు పడతారు."

ఆ పూటంతా అమ్మనే కనిపెట్టుకుని ఉన్నాను. పొయ్యి దగ్గర నుంచి లేవాలంటే ఒక చెయ్యి గోడకు, ఒక చెయ్యి మోకాలికి. నీళ్ళబిందె ఎత్తాలంటే ముందు నిలబడి ఊపిరి పీల్చుకోవడం. ఇదంతా ఎప్పుడు మొదలైందో ఇంట్లో ఎవరికీ తెలియదు. చెబితేగా!

అమ్మను ఏలూరు తీసుకెళ్ళడానికి నేను పడిన పాట్లు ఇన్నీ అన్నీ కావు. కాలి తిమ్మిరికి డాక్టరేమిటి, నలుగురూ నవ్విపోతారని ససేమిరా అంది. చివరికి, "నా తెల్లచీర, టోపీ నువ్వు చూడనే లేదుగా, ఒక్కసారి వచ్చి చూసిపో," అని ఆశ పెట్టి రైలెక్కించాను. నన్ను ఆ వేషంలో చూసి అమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది. ఆ సందడిలోనే చెయ్యి పట్టుకుని డాక్టరమ్మగారి గదిలోకి లాక్కుపోయాను.

డాక్టరమ్మగారు నాడి చూసి, పాదాలు నొక్కి చూసి, "కింద గొంతుక్కూర్చోండమ్మా. ఇప్పుడు చేతులెక్కడా ఆనించకుండా లేవండి," అన్నారు.

ఇదేం ఆటే అన్నట్టు అమ్మ నా వైపు చూసి ముసిముసిగా నవ్వింది. కూర్చుంది. లేవబోయింది, లేవలేకపోయింది. చీర సర్దుకుని మళ్ళీ లేవబోయింది. ఈసారి నవ్వు లేదు. మోకాళ్ళు తనవి కానట్టు వాటి వంకే చూస్తూ ఉండిపోయింది. నేను రెండు చంకల కిందా చేతులు వేసి లేపాను.

"ఏం తింటారండీ రోజూ?" అని అడిగారు డాక్టరమ్మగారు.

అమ్మ ముఖం విప్పారింది. "మాకు తిండికేం లోటు లేదండీ. మా ఆయన రైసు మిల్లులో పాలిష్ దగ్గర పని చేస్తారండీ. మల్లెపూవులాంటి బియ్యం తింటామండీ."

"కూరలు, పప్పు?"

"మా ఆయనకీ, పిల్లొస్తే పిల్లకీ పెట్టాక మిగిలితే తింటానండీ. లేకపోతే గోంగూర పచ్చడి ఉంటుందండీ."

"బియ్యం కడుగుతారా?"

"నాలుగు నీళ్ళు పోసి కడుగుతానండీ. గంజి చుక్క లేకుండా వారుస్తాను."

"ఆ కడుగు, ఆ గంజి ఏం చేస్తారు?"

"గేదెకండీ. తవుడు కలిపి కుడితి పెడతాను."

డాక్టరమ్మగారు నవ్వారు. "మీ గేదెకు ఈ జబ్బు ఎన్నటికీ రాదమ్మా," అన్నారు. తరవాత ఓపిగ్గా చెప్పారు. దీన్ని బెరిబెరి అంటారనీ, బియ్యం పైపొరలో ఉండే విటమిను కాళ్ళ నరాలకూ గుండెకూ ఆధారమనీ, మిల్లు దాన్ని గీకి తవుట్లోకి పంపిస్తుందనీ, మిగిలిన కాస్తా కడుగుతోనూ గంజితోనూ పోతుందనీ. దంపుడు బియ్యం తినాలి, గంజి వార్చకూడదు, ఈస్ట్ మాత్రలు వేసుకోవాలి, మంచి తవుడు జల్లించి రోజూ కాస్త తింటే ఇంకా మంచిది. అమ్మ అన్నింటికీ "అలాగేనండీ" అంది. గదిలోంచి బయటికి వచ్చాక, "పాపం మంచావిడే గానీ తవుడు తినమంటుందేమిటే? మనుషులం కామా?" అంది.

నన్ను మాత్రం డాక్టరమ్మగారు పక్కకు పిలిచి ఇంకో మాట చెప్పారు. ఇది కాళ్ళతో ఆగకపోవచ్చు, పాదాలు ఉబ్బి ఆయాసం వస్తే గుండెకు పట్టుకున్నట్టే, అప్పుడు ఏమీ చెప్పలేం, కాబట్టి ఎలాగో ఒకలాగ తినిపించు అన్నారు. మందు మా ఇంట్లోనే ఉంది, గేదె పాకలో తవుడు బస్తాలో ఉంది. ఇంత తేలికైన పని చెయ్యలేనా అనుకున్నాను.

మొదట ఈస్ట్ మాత్రల సంగతి. ఇంటికొచ్చి సీసా మూత తీశానో లేదో, అమ్మ ముక్కు మూసుకుని వెనక్కి జరిగింది.

"ఇది కల్లు వాసనే!"

"కల్లు కాదమ్మా, మందు."

"పులిసిన కల్లు మడ్డి వాసన నాకు తెలీదటే? దాని మధ్యలోనే పుట్టి పెరిగాను."

అది నిజం. అమ్మ పుట్టిల్లు కొల్లేటి లంకలో. మా తాత కల్లు తాగి తాగి కొల్లేటి గట్టు మీదే పడి ప్రాణం విడిచాడు. అమ్మ బాప్తిస్మం తీసుకున్న రోజున సంఘం ముందు నిలబడి, చుక్క కూడా నోట పొయ్యనని ప్రమాణం చేసింది. ఆ ప్రమాణాన్ని అడ్డం పెట్టుకుని మాత్ర ముట్టనంది. నేను ఊరుకుంటానా! పాస్టరుగారి భార్యను వెంటబెట్టుకొచ్చాను. ఆవిడ చెబితే అమ్మ వింటుందని నా నమ్మకం. ఆవిడ సీసా అందుకుని వాసన చూసి, కాసేపు ఆలోచించి, "మందేలెండి వదినగారూ, వేసుకోవచ్చు," అని, నెమ్మదిగా నా వైపు తిరిగి, "వాసన మాత్రం అదేనమ్మాయ్," అంది. అయిపోయింది! సీసా గూట్లోకి ఎక్కింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు నాకు.

తరవాత దంపుడు బియ్యం. దీనికి అమ్మ కాదు, నాన్న అడ్డం.

నాన్న పెంటపాడు పక్కన ఒక పల్లెలో కూలివాళ్ళ ఇంట పుట్టారు. ఆయన చిన్నతనంలో తెల్లన్నం అంటే కామందులు తినేది. ఊకతో మండే బాయిలరు, నెత్తి మీద తిరిగే బెల్టులు, పొద్దున్నే ఊరంతా వినబడే మిల్లు కూత ఆయనకు పెద్ద గొప్ప. పాలిష్ యంత్రంలోంచి పడుతున్న బియ్యాన్ని గుప్పెడు పట్టి అరచేతుల మధ్య రుద్ది చూసేవారు. చేతికి పొడి అంటకూడదు, అంటితే మళ్ళీ యంత్రంలోకే. పెళ్ళయిన కొత్తలో అమ్మకు మాటిచ్చారట, "నా ఇంట్లో ఉన్నన్నాళ్ళూ నిన్ను ముతకన్నం తిననివ్వను," అని. ఆ మాట అమ్మ ఎన్నిసార్లు చెప్పుకుని మురిసిపోయేదో!

నేను ఒక సెలవుకి ఇంటికి రాకుండా కొల్లేరు వెళ్ళాను. ఏలూరు నుంచి జట్కాలో గట్టు దాకా, అక్కణ్ణుంచి తాటి దోనెలో లంకకు. మా పెద్దమ్మ, అంటే అమ్మకు సొంత అక్క, తనే దోనె తీసుకుని ఎదురొచ్చింది. అమ్మకంటే బాగా పెద్దది. నల్లగా, సన్నగా, చువ్వలా ఉండేది. నీళ్ళలో చెయ్యి పెట్టి నాచు తప్పించడానికి దోనెలో గొంతుక్కూర్చునేది, గడ అందుకోవడానికి ఊగుతున్న దోనెలో చటుక్కున లేచేది. చెయ్యి ఎక్కడా ఆనించేది కాదు. నేను చుట్టూ ఉన్న నీళ్ళను గానీ పక్షులను గానీ చూడలేదు. పెద్దమ్మ మోకాళ్ళనే చూస్తూ కూర్చున్నాను.

"దాని మొగుడు మిల్లు బియ్యం పెట్టి రాణిలా చూసుకుంటున్నాడని లంకంతా చెప్పుకున్నానే," అంది పెద్దమ్మ, సంగతి విని. "ఆ బియ్యమే దాని కాళ్ళు తినేసిందా?" రోలు కడిగి, ఆ రోజంతా దంచి, నాకో మూట కట్టింది.

ఆ మూటతో మళ్ళీ నెల శనివారం ఇంటికి దిగాను. అమ్మ నా పోరు పడలేక వండింది. నాన్న పీట మీద కూర్చుని కంచంలోకి చూశారు. ఎర్రగా, బరకగా ఉన్న అన్నం.

"ఇదేంటి?" అన్నారు.

అంతా చెప్పాను. నాకు తెలిసిన ఇంగ్లీషు మాటలన్నీ వాడి చెప్పాను. నాన్న అరిచే మనిషి కాదు. అరిచినా బాగుండేది. చేతిలో ముద్ద కంచంలో పెట్టేసి, "అంటే నా చేత్తో తెల్లగా చేసింది మీ అమ్మకు విషమంటావు," అన్నారు.

"నేనన్లేదు నాన్నా. డాక్టరమ్మగారు..."

"ఊళ్ళో ఇంతమంది తింటున్నారు. మిల్లు షావుకారుగారు తింటున్నారు. నేనూ తింటున్నాను, నాకేమైంది? పాలిష్ మనిషి పెళ్ళాం దంపుడు బియ్యం వండుకుంటోందంటే మిల్లులో నేను తలెత్తుకోగలనా అమ్మా?"

ఆయనకేమీ కాలేదన్నది నిజమే. పులుసులో ముక్కలు ఆయనకు, పప్పు ఆయనకు, పైగా పొద్దున్నే మిల్లు పక్కన కాఫీ హోటల్లో పెసరట్టు. ఈ ముక్క నా నాలిక చివర దాకా వచ్చింది. గుమ్మం పక్కన నిలబడ్డ అమ్మ నా వైపు చూసిన చూపుకి మింగేశాను. నాన్న చెయ్యి కడుక్కుని లేచిపోయారు. ఆ రాత్రి అమ్మ కూడా తినలేదు.

"పోనీ నీ ఒక్కదానికే వేరే వండుకోవే అమ్మా," అని మర్నాడు కాళ్ళావేళ్ళా పడ్డాను.

"ఒక ఇంట్లో రెండు కుండలా? మీ నాన్నకొక కూడు, నాకొక కూడూనా? చాల్లే, ఆ మాట మళ్ళీ అనకు."

మూట వీధిలో అడుక్కునేవాళ్ళకి వెళ్ళిపోయింది. గంజి వార్చవద్దంటే, "గేదె ఏం తాగుతుందే?" అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇద్దరూ నన్ను ప్రాణంగా చూసుకునేవాళ్ళే. ఒకరికొకరు ప్రాణమే. ఆ ప్రాణం పోతుందని మొత్తుకుంటుంటే మాత్రం నా మాట గోడకు చెప్పినట్టే ఉండేది.

ఇక మిగిలింది తవుడు. పాకలోంచి మంచి తవుడు తెచ్చి, పలచటి గుడ్డలో జల్లించి, మూకుట్లో దోరగా వేయించి, నువ్వులూ బెల్లమూ దంచి కలిపి ఉండలు చేశాను. ఒకటి నేను తిని చూశాను. గొంతుకు కాస్త పట్టుకుంటుంది గానీ బాగానే ఉంది. అమ్మ మరో సాకు వెతుకుతుందని యుద్ధానికి సిద్ధంగా వెళ్ళాను. ఆశ్చర్యం, అమ్మ మారు మాట్లాడలేదు.

"సరేలేవే, ఇంత కష్టపడి చేశావు. ఉట్టి మీద పెట్టు, రోజూ తింటాను," అంది.

నాన్న చూసి, "గేదెలకు పెట్టేది మనుషులకు పెడుతున్నావా అమ్మా?" అని నవ్వారు. మందని ఊరుకున్నారు. నేను పెద్ద కుండ నిండా చేసి ఉట్టికెక్కించి, ఆ పూట రైల్లో గెలిచినదానిలా కూర్చున్నాను. అమ్మ అంత తేలిగ్గా ఒప్పుకుందంటే ఆలోచించవద్దూ? ఆలోచించలేదు.

మరుసటి నెల వచ్చేసరికి కుండ ఖాళీ. "అన్నీ తినేశావా?" అంటే, "చూడు, ఒక్కటి మిగల్లేదు," అని కుండ వంచి చూపించింది. మళ్ళీ నింపాను. వెళ్ళేటప్పుడు ఎప్పటిలాగే హాస్టలుకి నెయ్యి డబ్బా కట్టింది. ఈసారి డబ్బా అంచు దాకా ఉంది.

"గేదె బాగా ఇస్తోందేమిటే?"

"ఇస్తోంది, మా తల్లి," అంది అమ్మ, పాక వైపు చూసి.

ఆ నెయ్యి వాసనకి హాస్టల్లో పిల్లలందరూ నా చుట్టూ చేరేవారు. వేడన్నంలో వేసుకుని కమ్మగా తిన్నాను. నా బుగ్గలు నిండాయని అందరూ అనేవారు. అమ్మకు మాత్రం పాదాలు ఉబ్బడం మొదలైంది. వేలు పెట్టి నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయేది. డాక్టరమ్మగారికి చెబితే ఆవిడ కళ్ళజోడు తీసి నా వైపు చూశారు.

"నిజంగా తింటున్నారా?"

"మా అమ్మ అబద్ధమాడదండీ," అన్నాను, కాస్త కోపంగానే.

ఆ తరవాతి సెలవు ఆదివారం, చర్చి నుంచి వచ్చాక, మళ్ళీ ఉండలు చేసి చేటలో ఆరబెట్టడానికి పెరట్లోకి తీసుకెళుతున్నాను. మా గేదెకు నేనంటే ఎన్నడూ లెక్క లేదు. అలాంటిది ఆ రోజు నన్ను చూడగానే మెడ సాచి, పలుపు తెంచుకునేలా లాగి, "అఁవ్" అని పిలిచింది. ఏమైందోనని దగ్గరికి వెళ్ళాను. మూతి చేటలో పెట్టి ఒక ఉండ చటుక్కున నోట కరుచుకుంది. కళ్ళు సగం మూసి నమిలి, ఇంకోటి పెట్టమని నా చెయ్యి నాకింది. తెలిసిన రుచి. అలవాటైన రుచి.

వెనక్కి తిరిగి చూశాను. అమ్మ అరుగు మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. అప్పటికి గోడ పట్టుకున్నా రెండు మూడుసార్లకు గానీ లేవలేకపోయేది. నా కళ్ళలోకి చూడకుండా తల దించుకుంది.

"అన్నీ దీనికే పెట్టావా?"

అమ్మ కొంగు కొస వేలికి చుట్టుకుంది.

"అన్నీనా అమ్మా? ఒక్కటీ తినలేదూ?"

"మొదటి రోజు ఒకటి తిన్నానే. బాగానే ఉంది."

"మరి ఎందుకే? ఎందుకిలా చేశావు? ఎవరి కోసం చేశాననుకున్నావు నేను?" ఏమంటున్నానో నాకే తెలియలేదు. కోపంతో పలుపు కొస అందుకుని గేదె వీపు మీద ఒక్కటి వేశాను.

"దాన్నెందుకే కొడతావు? దానికేం తెలుసు?" అని అమ్మ అరిచింది. అరిచినందుకే ఆయాసం వచ్చింది. గుండె మీద చెయ్యి పెట్టుకుని, ఊపిరి కూడదీసుకుని, మెల్లగా అంది: "మొన్న ఒట్టిపోయేలా ఉంటే భయమేసింది. నువ్వక్కడ హాస్టలు కూడు తిని చిక్కి సగమయ్యావు. దానికి పెడితే చిక్కటి పాలిస్తుంది, నీకు నెయ్యవుతుంది. నాకు పెడితే ఏమవుతుందే?"

"నువ్వవుతావే! నువ్వు మిగులుతావే!" అని ఏడుస్తూ అమ్మ ఒళ్ళో తల పెట్టేశాను. అమ్మ నా తల నిమిరింది. వేళ్ళకు కూడా తిమ్మిరి పాకిందేమో, నా జుట్టు తగులుతున్నట్టు కూడా లేదు ఆ చేతికి.

వెనకాల నాన్న స్నానం చేసి తుండుతో నిలబడి ఉన్నారు. అంతా విన్నారు. చొక్కా వేసుకుని, ఆదివారం మూసి ఉన్న మిల్లు వైపు వెళ్ళి, చీకటి పడ్డాక గానీ రాలేదు. నేను ఆ సాయంత్రం బండి ఎక్కలేదు.

మర్నాడు మధ్యాహ్నం నాన్న భుజాన తుండులో మూట కట్టుకుని ఇంటికి వచ్చారు. విప్పితే బియ్యం. పొట్టు ఊడింది గానీ పాలిష్ పట్టలేదు. మట్టిరంగులో ఉన్నాయి.

"యంత్రంలోకి పడకముందే పట్టాను," అన్నారు.

"అందరూ చూశారేమో నాన్నా."

"చూడనియ్యి."

పొయ్యి ముట్టించడం కూడా రాని మనిషి, ఊదుతూ, దగ్గుతూ, ఆ బియ్యం వండారు. నన్ను చెయ్యి పెట్టనివ్వలేదు. గంజి వార్చలేదు. ముద్దయిపోయిన అన్నాన్ని కంచంలో పెట్టుకుని అరుగు మీద అమ్మ పక్కన కూర్చుని, తన చేత్తో కలిపి నోటి దగ్గర పెట్టారు.

"ఏవండీ, నలుగురూ చూస్తారండీ," అంది అమ్మ, సిగ్గుతో చచ్చిపోతూ.

"తినవే. నేను పెడుతున్నాను."

తింది. ఎంతో బుద్ధిగా, నోరు తెరిచి, ముద్ద వెనక ముద్ద. "బాగుందండీ. మీ చెయ్యి పడింది కదండీ," అంది. నెలల తరబడి నేను బతిమాలి, అరిచి, ఏడ్చి చేయించలేనిది ఆయన ఒక్క మాటతో చేయించారు. నాకు కుళ్ళు వచ్చింది, సంతోషమూ వచ్చింది, ఈ మాట ముందే అంటే ఏం పోయేదని నాన్న మీద పట్టరాని కోపమూ వచ్చింది. ఆ మూడింటితోనే రైలెక్కి ఏలూరు వెళ్ళాను.

నాన్న మాట తప్పలేదు. రోజూ ఆ బియ్యమే తెచ్చారు, తనూ అదే తిన్నారు, తవుడు ఉండలు ఎదురుగా కూర్చుని తినిపించారు. అమ్మ కొంచెం తేరుకుందని కబురు కూడా వచ్చింది. కానీ డాక్టరమ్మగారు నాతో చెప్పిన ఆ రెండో సంగతి, గుండెకు పట్టుకోవడం, అప్పటికే మొదలైపోయింది. ఒకరోజు పొద్దున్న ఆసుపత్రి గేటు దగ్గర జట్కా ఆగింది. నాన్న అమ్మను రెండు చేతుల మీదా ఎత్తుకుని దిగారు. ముఖం ఉబ్బింది, పెదవులు నల్లబడ్డాయి, ఊపిరి అందడం లేదు. నేను రోజూ పక్కలు వేసే వార్డులోనే పడుకోబెట్టాం.

చెయ్యాల్సినవన్నీ చేశారు. తలకింద దిండ్లు ఎత్తు పెట్టాను. నాడి చూశాను. అది నా వేళ్ళ కింద పరుగెడుతూ, తడబడుతూ ఉంది. నాడి చూడడం నేర్పారు గానీ దాన్ని పట్టి నిలపడం ఎవరు నేర్పుతారు? డాక్టరమ్మగారు ఈస్ట్ పొడి నీళ్ళలో కలిపి చెంచాతో పట్టమన్నారు. గిన్నె మూత తీయగానే ఆ వాసన. అమ్మకూ తెలిసింది. కళ్ళు తెరిచి గిన్నె వైపు చూసింది, నా తెల్లచీర వైపు, టోపీ వైపు చూసింది. బలవంతం చెయ్యడానికి నాకు నోరు రాలేదు. చెంచా పట్టుకుని ఊరికే నిలబడ్డాను.

అమ్మే నోరు తెరిచింది.

ఒక్కొక్క చెంచా, ముఖం చిట్లించుకుని, గిన్నె ఖాళీ అయ్యేదాకా తాగింది. సంఘం ముందు ప్రమాణం చేసిన నోరు. పెదవులు తుడుస్తుంటే, "ఇప్పుడు సంతోషమేనా?" అంది.

"సంతోషమే అమ్మా," అన్నాను.

ఆ మధ్యాహ్నం, భోజనాల గంట కొట్టే వేళకు, ఊపిరి ఆగిపోయింది. నాన్న మంచం కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుని, అమ్మ పాదాలను అరచేతులతో రుద్దుతూనే ఉన్నారు. ఇక చాలని చెప్పి లేపాల్సి వచ్చింది.

సమాధి కార్యక్రమం అయ్యాక నేను తిరుగు ప్రయాణమవుతుంటే, నాన్న గూట్లోంచి నెయ్యి డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టారు.

"నువ్వొస్తే ఇవ్వాలని తీసి ఉంచిందమ్మా," అన్నారు.

దాన్ని కాలవలో గిరాటెయ్యాలనిపించింది. గిరాటేస్తే అమ్మ కష్టం నీళ్ళపాలవుతుంది. ఉంచుకుంటే అది నా గొంతు దిగుతుందా? హాస్టలుకి తీసుకెళ్ళి, ఎవరికీ పెట్టకుండా, రోజుకి కాస్త చొప్పున అడుగంటేదాకా నేనే తిన్నాను. తింటూ ఏడ్చేదాన్ని, ఏడుస్తూ తినేదాన్ని. నాన్న ఆ మిల్లు మానలేదు. మానితే ఎక్కడికి పోతారు? ఇంట్లో మట్టిరంగు అన్నం వండుకుని తిని, వెళ్ళి ఊరందరి బియ్యాన్నీ మల్లెపూవులా తెల్లగా చేసి పంపేవారు. ఎవరికైనా చెప్పండి నాన్నా అంటే, "నా పెళ్ళాం వినలేదు, ఊరు వింటుందా?" అనేవారు.

నర్సుగా ఎన్నో ఏళ్ళు పనిచేశాను. తవుట్లో ఉన్న ఆ సత్తువ నెయ్యిలోకి రాదని నాకు బాగా తెలుసు. గేదె తిన్నది గేదెతోనే ఉండిపోయింది. అమ్మకూ దక్కలేదు, నాకూ దక్కలేదు. తెలిసినా ఏం లాభం?

ఈ వయసులో కూడా నేను గొంతుక్కూర్చుని, చేతులెక్కడా ఆనించకుండా లేస్తాను. రోజూ పొద్దున్నే ఒకసారి లేచి చూసుకోవడం అలవాటైపోయింది. మనవరాళ్ళు చప్పట్లు కొట్టి, "చిన్నప్పుడు ఏం తినేదానివే అమ్మమ్మా, ఇంత గట్టిగా ఉన్నావు?" అని అడుగుతారు. నెయ్యి అంటాను. అది మా అమ్మ తినాల్సిన తవుడని చెప్పడానికి నాకు నోరు రాదు.